జరీ దారం గోటికి తగులుకుంటోంది, ఏ సామాను కొనుక్కోవాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. నా గోళ్లు చివర్లో పొరలు పొరలుగా లేస్తున్నాయి. జరీ దారం, పట్టు గుడ్డ వాటికి తగులుకుని పోగులు లేస్తున్నాయి. కొలతలు తీసుకునేటప్పుడు అందరూ నా చేతుల వైపే చూస్తున్నట్టు అనిపించి సిగ్గేస్తోంది. దసరా అయ్యాక మా చెల్లెలి నిశ్చితార్థం. ప్రతిసారీ పార్లర్‌కు పోయే వీలు లేదు. ఆన్‌లైన్‌లో 18 సామాన్లున్న మానిక్యూర్ కిట్ చూశాను. బెంగళూరులో ఉండే మా వదినేమో జెల్ పాలిష్, దాని లైటు కొనుక్కోమంటోంది. ఇంట్లో చేసుకోవడానికి నిజంగా ఏమేం కావాలి? ఏవి అక్కర్లేదు?
– పేరు వేయొద్దన్న ఒక చెల్లి, ప్రొద్దుటూరు

సమాధానం: చెల్లీ, ఆ కిట్ కొనొద్దు. వదిన చెప్పిన లైటు కూడా వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను. నీకు తప్పనిసరిగా కావలసినవి నాలుగే. పదునైన నెయిల్ కట్టర్, గోటి అంచు రుద్ది నున్నగా చేసే, గరుకు తక్కువున్న ఫైల్, కొన్ని చెక్క పుల్లలు, రాత్రిపూట రాసుకోవడానికి నూనె. రంగు వేసుకునే అలవాటు ఉంటే రంగు కింద వేసే బేస్ కోట్, పాలిష్, పైన వేసే టాప్ కోట్, రంగు తుడిచే రిమూవర్ వీటికి తోడవుతాయి. మెడికల్ షాపులో దూది, ఒక చిన్న సీసా సర్జికల్ స్పిరిట్ తెచ్చుకో. ఇంట్లో మానిక్యూర్‌కు ఇంతకు మించి అవసరం లేదు.

కిట్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పెట్టెల్లో సగం సామాను గోళ్లకు సంబంధించిందే కాదు. చెవి గులిమి తీసే పుల్ల, మొటిమలు గిచ్చే సూది, కనుబొమ్మల పట్టకారు, ఇలాంటివి కలిపి లెక్క పెంచుతారు. అది డబ్బు దండగ మాత్రమే, సర్దుకుపోవచ్చు. నాకు భయం మిగతా రెండింటితో. గోరు మొదట్లో చర్మాన్ని కత్తిరించే నిప్పర్ ఒకటి, ‘వి’ ఆకారంలో చీలి ఉండే చిన్న కత్తి ఇంకొకటి. పెట్టె తెరవగానే వాటితో మొదలుపెట్టాలనిపిస్తుంది. నేను చూసినంతలో, ఇంట్లో మానిక్యూర్ చేసుకుని చేయి పాడు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ రెండింటి వల్లే పాడు చేసుకుంటారు.

గోరు మొదట్లో, చర్మం గోరును కలిసే చోట, సన్నటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది చూడు. దాన్నే క్యూటికల్ అంటారు. చాలామంది దాన్ని మురికి అనో, పనికిరాని చర్మం అనో అనుకుని కోసేస్తారు. నిజానికి అది మడికి గట్టులాంటిది. గోరు పుట్టే చోటికి నీళ్లు, సబ్బు, సూక్ష్మక్రిములు పోకుండా అడ్డం ఉండేది అదే. అది తెగితే చర్మానికీ గోటికీ మధ్య సందు పడుతుంది. రోజంతా అంట్లు, బట్టలు, వంటతో తడిలో ఉండే చేతులకు ఆ సందులోంచి తేమ, క్రిములు చేరి ఎర్రగా వాచి, చీము పట్టి, సలుపుతుంది. మనం గోరుచుట్టు అనేది దీన్నే. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెత ఊరికే పుట్టలేదు, ఆ వేలికి ఏది తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. కుడిచేతి బొటనవేలికో చూపుడువేలికో వస్తే నువ్వు మగ్గం సూది పట్టుకోలేవు. పెళ్లిళ్ల సీజన్‌లో వారం రోజులు పని ఆగితే ఎంత నష్టమో నాకంటే నీకే బాగా తెలుసు.

కాబట్టి క్యూటికల్‌ను కోయకు, వెనక్కి మాత్రం జరుపు. స్నానం అయ్యాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు తువ్వాలు అంచుతో ప్రతి గోరు మొదట్లోనూ మెల్లగా వెనక్కి నెడితే చాలు. ఇంకొంచెం నీటుగా కావాలంటే చెక్క పుల్ల చివర కాస్త దూది చుట్టి, నూనెలో ముంచి నెట్టు. స్టీలు పుషర్ కొనకు. దానితో గట్టిగా గీరితే కింద తయారవుతున్న గోటికి దెబ్బ తగిలి, కొన్ని వారాల తర్వాత అడ్డంగా గీతలు, తెల్లమచ్చలు పైకి వస్తాయి. అన్నట్టు, తెల్లమచ్చలు కాల్షియం తక్కువై వస్తాయని చాలామంది అనుకుంటారు. మామూలుగా అవి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులే. గోరు పక్కన ముల్లులా లేచిన చర్మం ఉంటే పళ్లతో కొరకొద్దు, పీకొద్దు. లేచినంత మేరకే కట్టర్ కొసతో కత్తిరించు.

ఇక పొరలు లేవడం సంగతి. గోరు ఎన్నో పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి అంటుకుని తయారైంది. నీళ్లలో ఉన్నంతసేపూ అది తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుంటుంది. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే చివర్లో పొరల మధ్య పట్టు వదులుతుంది. అంట్ల సబ్బు, అసిటోన్ అనే రసాయనం కలిసిన రిమూవర్ గోటిలో ఉన్న కాస్త నూనెనూ లాగేస్తాయి. మన వైపు చాలా ఇళ్లలో బోరునీళ్లకు సబ్బు సరిగ్గా నురగ రాదు. దాంతో సబ్బు ఎక్కువ రాస్తాం, చేతులు ఇంకా పొడిబారతాయి. అందుకే నేను ముందు కొనమనేది ఒక జత రబ్బరు గ్లౌజులు. అంట్లకు, బట్టలకు అవి వేసుకో. మానిక్యూర్ సామాన్లలో వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, నీ గోళ్లకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేవి ఇవే.

రెండోది నూనె. పార్లర్ సామాన్ల దుకాణంలో క్యూటికల్ ఆయిల్ అని చిన్న సీసా చూపించి బాగానే డబ్బు అడుగుతారు. అందులో ఎక్కువగా ఉండేది బాదం నూనెలాంటి మామూలు నూనే, పైన కాస్త సువాసన. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. చెనిక్కాయల నూనె వాసన నీకు ఇబ్బంది కాకపోతే అదీ పనికొస్తుంది. రోజూ పడుకునే ముందు ఒక్కో గోటికి ఒక్కో చుక్క, గోటి మీదా, చుట్టూ, చివర కిందా ఇంకేలా రుద్దు. పైన కాస్త వ్యాజిలిన్ రాస్తే తేమ బయటికి పోదు. పగలు మాత్రం రాయకు. పట్టు మీద నూనె మరక పడితే బ్లౌజు నీదే అవుతుంది. పొద్దున మగ్గం దగ్గర కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వు.

ఫైల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నీ దారం తగులుకోవడానికి జవాబు ఇదే. ఫైల్ మీద గరుకుదనం తెలిపే నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80, 100 నంబర్లు అతికించిన కృత్రిమ గోళ్ల కోసం. సొంత గోళ్లకు 180 కంటే తక్కువ వద్దు, నీలా పొరలు లేస్తున్నవాళ్లకు 240 మంచిది. గాజు ఫైల్ దొరికితే అదే కొను. అట్ట ఫైల్ కంటే ఖరీదే అయినా నీళ్లతో కడిగి ఏళ్లపాటు వాడుకోవచ్చు, అంచు నున్నగా వస్తుంది. కిట్లలో వచ్చే స్టీలు ఫైల్ మీద గీతలు మొరటుగా ఉంటాయి, అది గోటి అంచును చింపుతుంది.

కట్టర్‌తో తీసేది స్నానం అయ్యాక, గోరు కాస్త మెత్తగా ఉన్నప్పుడు. ఒక్క దెబ్బకు కాకుండా కొంచెం కొంచెంగా తీయి. ఫైల్ పెట్టేది మాత్రం గోరు పూర్తిగా ఆరాకే. తడిగోటికి ఫైల్ పెడితే పొరలు ఇంకా విడిపోతాయి. ఒక పక్క నుంచి మధ్యకు, మళ్లీ ఇంకో పక్క నుంచి మధ్యకు, ఒకే వైపుగా లాగు. రంపంతో కోసినట్టు ముందుకూ వెనక్కూ ఆడించకు. మూలల్లోకి లోతుగా పోకు, అక్కడ బలం తగ్గితే గోరు పక్కకు చీలుతుంది. చివరగా ఫైల్‌ను ఏటవాలుగా పట్టి అంచు కింద నుంచి ఒకసారి తేలిగ్గా లాగితే అక్కడ మిగిలిన పొట్టు రాలిపోతుంది. ఆపైన, నీ దగ్గర ఎప్పుడూ ఉండే షిఫాన్ ముక్కో నెట్టెడ్ ముక్కో తీసుకుని పది గోళ్ల మీదా లాగి చూడు. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ ఇంకొంచెం ఫైల్ చేయాలని అర్థం. ఎక్కడా పట్టుకోకపోతే జరీ కూడా పట్టుకోదు.

మగ్గం మీద పైన ఉండే చేయి సూది పట్టుకుంటే, గుడ్డ కింద ఉండే చేయి దారం అందిస్తుంది. ఆ కింది చేతి గోళ్లే దారాన్ని ఎక్కువగా తాకేవి. వాటిని వేలి కొసకు సమానంగా, గుండ్రంగా ఉంచు. పైచేతివి పిసరంత పొడుగున్నా పర్వాలేదు. పొడుగ్గా, కోసుగా పెంచుకోవడం నీ పనికి సరిపోదు, పొట్టిగా ఉన్నా అంచు నున్నగా ఉన్న గోళ్లు అందంగానే ఉంటాయి. మంగళవారం, శుక్రవారం మీ ఇంట్లో గోళ్లు తీయనివ్వరు కదా, బుధవారం పొద్దున పెట్టుకో. వారానికి ఒకసారి పావుగంట చాలు.

బఫర్ గురించి ఒక్క మాట. నాలుగైదు పక్కలున్న దిమ్మ అది. మెరుపు తెప్పించే నున్నటి పక్కను నెలకు ఒకసారి వాడితే నష్టం లేదు. గరుకు పక్కలు గోటిని అరగదీస్తాయి, నీ గోళ్లు కోలుకునేదాకా వాటి జోలికి పోకు.

పార్లర్‌లో చేసినట్టు గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెట్టాలా అంటే, అక్కర్లేదు. మురికి ఉంటే మెత్తటి బ్రష్‌తో సబ్బు పెట్టి కడిగేయి. నానిన గోటి మీద రంగు వేస్తే, గోరు ఆరి కుంచించుకున్నప్పుడు ఆ రంగు పెచ్చులూడుతుంది. నిమ్మచెక్క, వంటసోడా గోళ్ల మీద రుద్దమని వీడియోల్లో చెప్తారు. రెండూ పొడిబారేలా చేసేవే. వంటలో అంటిన పసుపు మరక కోసమే అయితే దాన్ని వదిలెయ్యి, పసుపు ఎండకు తనంతట తానే వెలిసిపోతుంది.

రంగు వేసుకోవడానికి వద్దాం. బేస్ కోట్ మానేయకు. ఎరుపు, మెరూన్‌లాంటి ముదురు రంగులు నేరుగా వేస్తే గోరు పసుపుపచ్చగా మారుతుంది. పాలిష్ పలుచగా రెండుసార్లు వేయి, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగు. మందంగా ఒకేసారి వేస్తే లోపల ఆరదు. టాప్ కోట్ వేసేటప్పుడు గోటి అంచు మీద కూడా బ్రష్ ఒకసారి లాగితే రంగు కొసల్లో తొందరగా లేవదు. ఫ్యాన్ కింద కూర్చుని వేయకు, పైన తొందరగా పొర కట్టి బుడగలు వస్తాయి. తాకితే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. పది, పదిహేను నిమిషాల్లో ఆరినట్టే ఉంటుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి గంటలు పడుతుంది. ఆలోపు మగ్గం దగ్గర కూర్చుంటే రంగు పట్టుకు అంటుతుంది.

రిమూవర్, పాలిష్ రెండూ పెట్రోలులా అంటుకునేవి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర వాడకు. ఇంకో జాగ్రత్త నీ పనికి సంబంధించింది. అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ చమ్కీలు కరుగుతాయి, గమ్‌తో అతికించిన కుందన్ రాళ్లు ఊడతాయి, కొన్ని రకాల గుడ్డలు కూడా పాడవుతాయి. ఆ సీసా మగ్గం ఉన్న గదిలో పెట్టనే వద్దు. అసిటోన్ లేని రిమూవర్ కాస్త నెమ్మదిగా పని చేసినా నీ గోళ్లకు అదే నయం. దూది తడిపి గోటి మీద కాసేపు అద్ది ఉంచి ఒక్కసారి తుడువు, గీకొద్దు. తర్వాత చేయి కడిగి నూనె రాయి. ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి సీసాలు కిటికీలో పెట్టకుండా చల్లటి అలమారలో ఉంచు. చిక్కబడితే రిమూవర్ కలపకు, పాలిష్ పాడవుతుంది. దానికి వేరే థిన్నర్ దొరుకుతుంది.

వదిన నీ మంచికే చెప్పింది. జెల్ పాలిష్ రెండు వారాలు చెక్కుచెదరదు, ఆ మాట నిజం. కానీ అది గాలికి ఆరేది కాదు, లైటు వెలుతురుకు రసాయన చర్య జరిగి గట్టిపడేది. లైటుకు, పాలిష్‌కు జోడీ కుదరకపోయినా, మందంగా వేసినా లోపల పచ్చిగా మిగులుతుంది. ఆ పచ్చి జెల్ పదేపదే చర్మానికి తగిలితే అందులోని అక్రిలేట్ రసాయనాలకు అలర్జీ పుడుతుంది. వేళ్లు పగిలి, దురద పెట్టి, నీటిపొక్కులు వస్తాయి. ఒకసారి వచ్చిందంటే ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్ల డాక్టర్లు వాడే కొన్ని ఫిల్లింగ్ పదార్థాలు కూడా అదే కుటుంబానివి, కాబట్టి ఇది గోళ్లతో ఆగే సంగతి కాదు. కొన్ని జెల్స్‌లో ఉండే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఏముందో చెప్పని చవక సీసా కొనడం నాకు నచ్చదు. పైగా జెల్ తీయాలంటే గోళ్లను అసిటోన్‌లో పది, పదిహేను నిమిషాలు నానబెట్టాలి. ఓపిక లేక పీకేస్తే గోటి పై పొర దానితోపాటే వస్తుంది. పొరలు లేస్తున్న గోళ్లకు అది అసలు పనికిరాదు. వదినకు ఈ మాట చెప్పు, ఏమీ అనుకోదు.

సామాను శుభ్రం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చాలా ఇళ్లలో ఒకటే నెయిల్ కట్టర్, తాత నుంచి మనవడి దాకా అందరికీ అదే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనబడనంత రక్తం అంటిన కట్టర్ నుంచి కూడా సోకే అవకాశం ఉంది. ఇంట్లో ఎవరిది వాళ్లకు విడిగా ఉండాలి. కాళ్లకు పెద్దది ఇంకొకటి. కాలిగోళ్ల ఫంగస్ చేతికి ఎక్కకుండా ఇది అవసరం. వాడాక సబ్బుతో బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి, స్పిరిట్ దూదితో తుడువు. కడగకుండా స్పిరిట్ పూస్తే మురికి కింద క్రిములు అలాగే ఉంటాయి. చెక్క పుల్ల, అట్ట ఫైల్ కడిగితే శుభ్రం కావు, ఒక మనిషికే వాడి పారేయాలి. నువ్వు ఎప్పుడైనా పార్లర్‌కు పోతే నీ ఫైల్, నీ కట్టర్ సంచిలో వేసుకుపో. మొహమాటపడకు. కడపలో నేను పార్లర్ నడిపిన రోజుల్లో సొంత సామాను తెచ్చుకున్నవాళ్లను చూస్తే నాకు గౌరవమే కలిగేది.

గోరుచుట్టు ఇప్పటికే మొదలైతే ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో వేలు పెట్టుకోవచ్చు. మన ఇళ్లలో నిమ్మకాయ తొడుగుతారు, నొప్పికి హాయిగా అనిపించినా చీము పడితే అది పని చేయదు, డాక్టరుకు చూపించాలి. షుగరు ఉన్నవాళ్లు మొదటి రోజే చూపించాలి. గోళ్లు చెంచాలా మధ్యలో గుంటపడుతుంటే ఇనుము తక్కువైందేమో రక్తపరీక్ష చేయించుకో. కొత్తగా నల్లటి నిలువు గీత వచ్చి వెడల్పవుతుంటే ఆలస్యం చేయకుండా చర్మ వైద్యుల దగ్గరికి పో. గోళ్ల కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకు. థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలను అవి తారుమారు చేయగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

నువ్వు రాసిన సిగ్గు గురించి. నీ చేతులు పని చేసే చేతులు. కొలతలకు వచ్చినవాళ్లు వాటిని చూస్తున్నారంటే, తమ బ్లౌజు మీద పువ్వులు కుట్టబోయే చేతులు అవేనని చూస్తున్నారు. గోళ్లు బాగు చేసుకోవాల్సింది నీ పని సాఫీగా సాగడానికి, నీకు నొప్పి లేకుండా ఉండటానికి. వాళ్ల చూపుల కోసం కాదు.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం కొత్తది రావడానికి దాదాపు ఆరు నెలలు. అంటే ఇప్పుడు ఆషాఢంలో మొదలుపెడితే దసరా నాటికి పాడైన కొసలన్నీ కత్తిరించుకుపోతాయి, దాదాపు సగం కొత్త గోరు వచ్చి ఉంటుంది. నిశ్చితార్థానికి నన్నడిగితే గోరింటాకే పెట్టుకో అంటాను. ఆకు రుబ్బి పెట్టుకుంటే గోరు పాడవదు, ఊడదు, పట్టుకు అంటదు. చెట్టు ఆకు దొరక్కపోతే కోన్ కొను గానీ, గంటలో నల్లగా పండుతుందని చెప్పే కోన్లు వద్దు. వాటిలో తరచూ జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, చేతులు పొక్కులెక్కొచ్చు.

మూడు రోజుల ముందు గోళ్లు తీసి ఫైల్ చేసుకో. ఆ రాత్రి నూనె రాయకు, జిడ్డున్న గోటికి గోరింటాకు పట్టదు. మర్నాడు గోరింటాకు పెట్టుకుని, కడిగేశాక మళ్లీ నూనె మొదలుపెట్టు. ముందురోజు సాయంత్రం రిమూవర్ దూదితో గోటి మీద జిడ్డు తుడిచి, ఆ ఎరుపు మీద రంగులేని టాప్ కోట్ ఒక్కసారి వేసుకుంటే మెరుస్తుంది. ఆ సాయంత్రానికి కుట్టాల్సిన బ్లౌజులు ఏమైనా ఉంటే ముందే ముగించేసుకో.